పన్నెండేళ్ల పని, రెండు నిమిషాల మాట: నా ప్రాజెక్టు డైరీ

జూన్ 2

ఇవాళ్టి నుంచి దీన్నొక ప్రాజెక్టుగా పెట్టుకున్నాను. పని ఒక్కటే. పన్నెండేళ్లుగా నేనేం చేశానో ఉద్యోగమిచ్చేవాళ్లకి రెండు నిమిషాల్లోపు అర్థమయ్యేలా చెప్పాలి. నోటితో చెప్పేది ఒకటి, కాగితం మీద ఒకటి. నెల రోజులు గడువు. రోజూ గంట.

పోయిన వారం ఒక కంపెనీలో గోడౌన్ ఇన్‌ఛార్జి పోస్టుకి వెళ్లొచ్చాను. "మీ గురించి చెప్పండి" అన్నారు. మా ఊరు, నాన్న మిరప సాగు, ఇంటర్‌లో గ్రూపు మారడం, గుంటూరులో బీకాం... అట్లా చెప్పుకుంటూ మిర్చి యార్డులో కమీషన్ కొట్టు దాకా వచ్చేసరికి ఎదురుగా ఉన్నాయన గోడ గడియారం చూశాడు. కోల్డ్ స్టోరేజీ మాట ఎత్తేలోపే "సరేనండీ, కబురు చేస్తాం" అన్నారు. వాళ్లకి కావలసింది కోల్డ్ స్టోరేజీలో స్టాకు చూసిన మనిషి. పదేళ్లు నేను చేసింది అదే. ఆ మాట నా నోట్లోంచి రాకముందే ఇంటర్వ్యూ అయిపోయింది.

బయటికొచ్చి బస్టాపులో అరగంట కూర్చున్నాను. పని చేతకాక పోస్టు పోతే ఒక బాధ. చేతనైన పని చెప్పుకోలేక పోతే వేరే బాధ. ఈ రెండోది సరిచేసుకోగలిగినదే అనిపించి మొదలుపెట్టాను.

జూన్ 4

ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఏమీ రాసుకోకుండా, ఇంటర్వ్యూలో ఎట్లా చెప్తానో అట్లాగే. 6 నిమిషాల 10 సెకన్లు వచ్చింది.

రాత్రి కూర్చుని అన్నీ కాగితం మీద ఎక్కించి, ఒక్కో వాక్యం పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. ఉద్యోగానికి పనికొచ్చే వాక్యానికి టిక్కు, పనికిరానిదానికి అడ్డగీత. మొత్తం 71 వాక్యాల్లో టిక్కు పడ్డవి 14. వాటిలో మొదటిది 3 నిమిషాలు దాటాక వచ్చింది.

మా ఆవిడ పక్కనే కూర్చుని వింది. "ఏవండీ, ఇది పెళ్లి చూపులకి చెప్పే వరస" అంది. నిజమే. మనవాళ్లు కొత్త మనిషి కనపడగానే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం చదివారు అని అడుగుతారు. మనం కూడా ఆ వరసలోనే జవాబిస్తాం. చుట్టరికం కలుపుకోవడానికి ఆ వరస పుట్టింది, దానికది మంచిదే. ఉద్యోగమిచ్చేవాడికి మాత్రం మన ఊరు కంటే ముందు వాడి గోడౌన్ గుర్తొస్తుంది.

జూన్ 8

బెజవాడ వెళ్లాను. మా పెద్దమ్మ కూతురు అక్కడ ఒక ప్రైవేటు కంపెనీలో హెచ్‌ఆర్‌లో చాలా ఏళ్లుగా చేస్తోంది. గుంటూరు బస్టాండులో ఎక్కి, కాజ టోల్‌గేటు దాటాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నా రికార్డింగ్ మళ్లీ మొదటి నుంచి విన్నాను. మంగళగిరి దగ్గర కూడా నేనింకా డిగ్రీ చదువుతూనే ఉన్నాను. వారధి మీద కృష్ణ కనపడేదాకా చాలాసార్లు విన్నాను, మొదటి మూడు నిమిషాలూ పూర్తిగా తీసేయవచ్చని అక్కడే తేలిపోయింది.

అక్క రికార్డింగ్ వినలేదు. నా రెజ్యూమే ప్రింటు చేతికి తీసుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒకసారి చూసి బోర్లించింది.

"ఏడు సెకన్లు చూశాను. నాకేం కనపడిందో చెప్పనా? నీ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ, 'కష్టపడే స్వభావం కలవాడను' అనే వాక్యం."

"మిగతాది రెండో పేజీలో ఉందక్కా."

"రెండో పేజీకి నేనెందుకు వెళ్తానురా?"

ఏడు సెకన్లకి లెక్క ఉందట. ల్యాడర్స్ అనే అమెరికా ఉద్యోగాల సంస్థ 2018లో రిక్రూటర్ల కంటి చూపు కాగితం మీద ఎటు పోతుందో యంత్రాలతో కొలిస్తే, మొదటి చూపుకి సగటున 7.4 సెకన్లు తేలిందట. ఆ చూపులో వాళ్లు వెతికేది పోస్టు పేరు, పనిచేసిన చోటు, తేదీలు. "నా టేబుల్ మీద ఒక్కో రోజు వంద కాగితాలుంటాయి. తీరిక లేక చూస్తాం గానీ తేలిగ్గా తీసుకుని కాదురా" అంది.

తర్వాత ఒక సంగతి చెప్పింది. నేను మూడుసార్లు అడిగి మళ్లీ చెప్పించుకున్నాను. లియొనార్డో డా విన్సీ 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జా దగ్గర కొలువు కోసం ఒక ఉత్తరం తయారుచేసుకున్నాడట. అందులో వరసగా తేలిగ్గా మోసుకుపోయే వంతెనలు, ఫిరంగులు, కోటలు పడగొట్టే పద్ధతులు రాసుకొచ్చాడు. చిట్టచివర, శాంతికాలంలో అయితే భవనాలు, శిల్పాలు, బొమ్మలు కూడా చేయగలనన్నాడు. లోకమంతా చిత్రకారుడని చెప్పుకునే మనిషి బొమ్మల సంగతి చివరికి నెట్టాడు, ఎందుకంటే మిలాన్‌కి అప్పుడు కావలసినవి యుద్ధ సామగ్రి.

"నీ కోటలు ఏవో ముందు చెప్పు" అని పంపించింది.

జూన్ 9

అక్క ఇచ్చిన మొదటి పని: "చూసుకునేవాడిని", "పర్యవేక్షించాను", "బాధ్యత నిర్వర్తించాను" అనే మాటలు ఎన్నిసార్లు వాడానో లెక్కపెట్టడం. 11 సార్లు. ఈ మాటలు ఏ సూపర్‌వైజరైనా చెప్పగలడు. వాటి వెనక నేను లేను.

రెండో పని: వాటి బదులు, నేను వెళ్లకముందు ఎట్లా ఉండేది, నేనేం మార్చాను, ఆ తర్వాత ఎట్లా అయ్యింది అనే మూడు ముక్కల్లో ఒక్క సంగతి రాయడం. దీనికి ఇంగ్లీషులో స్టార్ అనే పద్ధతుంది. సిచ్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు. 1974లో డీడీఐ అనే సంస్థ ఇంటర్వ్యూల కోసం పెట్టిందట. నాకు నాలుగు కంటే మూడు ముక్కలే సులువుగా గుర్తుంటున్నాయి, అందుకని మూడే ఉంచుకున్నాను.

ఏ సంగతి రాయాలో ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. లాటు గుర్తులు.

ఆ పని తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. సీజన్‌లో రైతు మిర్చి టిక్కీలు, అంటే గోనె బస్తాలు, తెచ్చి మా దగ్గర దించుతాడు. కాటా వేసి, ఆ రైతు సరుకు మొత్తానికి ఒక లాటు నంబరిచ్చి, చాంబర్లో పేర్చి, రైతు చేతికి రసీదుగా బాండు ఇస్తాం. ఆ బాండు మీద బ్యాంకులో అప్పు కూడా తీసుకుంటారు. ధర వచ్చినప్పుడు రైతు బాండు పట్టుకొచ్చి సరుకు విడిపించుకుంటాడు. మా స్టోరేజీలో నాలుగు చాంబర్లు, ఒక్కోదాంట్లో ఐదంతస్తులు, మొత్తం 1,20,000 టిక్కీలు పట్టేవి. అన్నీ ఒకే గోనె రంగు. రిజిస్టర్‌లో "రెండో చాంబరు, మూడో అంతస్తు" అని మాత్రమే ఉండేది. ఆ అంతస్తులో ఏ వరసో సరుకు మోసే ముఠావాళ్ల జ్ఞాపకమే చెప్పాలి. ఆ రోజు ఆ మనిషి పనికి రాకపోతే, బయట మే నెల 44 డిగ్రీల ఎండలో రైతు నిలబడి ఉంటే, లోపల అమ్మోనియా చలిలో టార్చి పట్టుకుని మనం వెతకాలి.

2019లో సూపర్‌వైజర్ అయ్యాక నేను చేసిన మొదటి పని ప్రతి టిక్కీ మీదా రేకు అచ్చు పెట్టి చాంబరు, అంతస్తు, వరస నంబర్లు రంగుతో వేయించడం. ఒక్కో చాంబరుకి ఒక్కో రంగు. రిజిస్టర్ మొత్తం ఎక్సెల్‌లోకి ఎక్కించాను, పేరు కొట్టగానే లాటు ఎక్కడుందో కనపడేలా.

కాగితం మీద రాసింది: "దీనివల్ల డెలివరీ సమయం సగానికి పైగా తగ్గింది."

అక్కకి వాట్సాప్ చేశాను. ఒక్క మాట వచ్చింది. "ఎంత?"

జూన్ 10, 11

"ఎంత" కోసం రెండు రోజులు పట్టింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయే రోజులు ఇవే అనుకుంటున్నాను.

అటక మీద రేకు పెట్టెలో నా పాకెట్ డైరీలున్నాయి. స్టోరేజీ రిజిస్టర్లు యజమానివి, అవి అక్కడే ఉండిపోయాయి. కానీ నాకు మొదటి నుంచీ ఒక అలవాటు, బాండు చేతికొచ్చిన టైము, గేటు పాసు రాసిన టైము సొంత డైరీలో వేసుకునేవాణ్ని. ఆలస్యమైందని రైతు గొడవపడితే చూపించడానికి.

2018 డైరీ తెరవగానే తుమ్ములు. అట్ట మడతలో ఎర్రటి మిర్చి పొడి ఇంకా ఉంది. పేజీల అంచులు ఆ రంగుకి తిరిగాయి. సెప్టెంబరు నెల తీశాను. "10.20 బాండు, 11.15 గేటు." "2.05, 2.40." ఒకచోట "3.00, 4.50, దొరకలేదు, పక్క వరస" అని రాసి రెండుసార్లు గీత గీశాను. ఆ రోజు నాకు గుర్తుంది. పొన్నూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన, కూతురి పెళ్లి పనులు మధ్యలో వదిలేసి వచ్చాడు. ఆయనకి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టడం తప్ప ఇంకేం చేయలేకపోయాను. లాటు గుర్తుల ఆలోచన ఆ సాయంత్రమే వచ్చింది.

ఆ నెలలో రెండు టైములూ స్పష్టంగా ఉన్నవి 38 ఎంట్రీలు. సగటు 47 నిమిషాలు.

తర్వాతి లెక్కకి 2020 తీసుకోలేదు. ఆ ఏడాది మార్చిలో లాక్‌డౌన్‌తో యార్డు మూతపడి, రాకపోకలు, డెలివరీలు అన్నీ తారుమారయ్యాయి. దానితో పోలిస్తే లెక్క నిజం చెప్పదు. 2021 సెప్టెంబరు తీశాను. 41 ఎంట్రీలు. సగటు 18 నిమిషాలు.

47 నుంచి 18. రాత్రి పదకొండింటికి ఆ రెండు అంకెలు కాగితం మీద పక్కపక్కన రాసి చాలాసేపు చూశాను. ఇన్నేళ్లూ నా పనికి ఒక ఆకారముందని నాకే తెలియదు. జీతం పెంచమని అడిగిన రోజున కూడా "బాగా చేస్తున్నానండీ" అన్నాను తప్ప ఈ అంకెలు చెప్పలేదు.

మీలో ఎవరైనా ఇంకా ఉద్యోగంలో ఉంటే ఒక్క మాట. ఇప్పటి నుంచే సొంత డైరీలో మీ పని అంకెలు వేసుకోండి. కంపెనీ గుట్టు బయటపెట్టే లెక్కలు కాదు, మీ చేతి పని మీద మీరు పెట్టుకునే లెక్క. ఉద్యోగం పోయాక అవి ఎవరూ ఇవ్వరు.

జూన్ 14

నాలుగో వెర్షన్. 2 నిమిషాల 40 సెకన్లు. ఇంకా ఎక్కువే.

ఇవాళ కొత్తపేటలో మా పాత ముఠా మేస్త్రీ కలిశాడు. బాబాయ్ అని పిలుస్తాను. పని మానేసి రెండేళ్లయింది, మోకాళ్లు సహకరించట్లేదు. టీ తాగుతూ నా అవస్థ చెప్పాను, ఇన్నేళ్ల పని రెండు నిమిషాల్లో ఎట్టా ఇముడుతుంది బాబాయ్ అని.

"ఇమడ్చడమెందుకు అబ్బాయ్? కొనేవాడికి టిక్కీ అంతా కుమ్మరిస్తామా? మచ్చు చూపిస్తాం."

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇన్నాళ్లూ నేను చేస్తున్నది 45 కిలోల టిక్కీని గుప్పిట్లో కుక్కడం. యార్డులో ఎవరూ అట్లా చేయరు. గుప్పెడు కాయలు తీసి చూపిస్తారు. రంగు, పొడవు, తొడిమ, తేమ, తాలు (నాసి కాయలు) శాతం ఆ గుప్పెట్లోనే తెలుస్తాయి. మిగతాది కొనేవాడు అడుగుతాడు.

"అయితే పైపైన తీసిన మచ్చు ఎవడూ నమ్మడు" అని కూడా అన్నాడు. "చెయ్యి మోచేతి దాకా పెట్టి నడిమధ్యలోంచి తీయాలి."

ఇంటికొచ్చి నాలుగో వెర్షన్‌లో ఉన్న ఐదు సంగతుల్లో నాలుగు కొట్టేశాను. లాటు గుర్తులు ఒక్కటే ఉంచాను. కొట్టేసినవాటిలో లాక్‌డౌన్ రోజులున్నాయి. యార్డు బంద్ కావడంతో రైతులంతా స్టోరేజీలకే వస్తే, పన్నెండు రోజులు ఇంటికి రాకుండా అక్కడే పడుకున్నాను. దాన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు. దానికోసం వేరే కాగితం తీసి, పైన "అడిగితే" అని రాసి, అక్కడ పెట్టుకున్నాను. అట్లా పెట్టుకున్నాక మిగతావి కొట్టేయడం తేలికైంది.

జూన్ 15

"నేను" అనే మాటతో ఇబ్బంది.

అక్క ఫోన్‌లో వింటూ మధ్యలో ఆపింది. "మేం పద్ధతి పెట్టాం, మేం మార్చాం అంటున్నావు. మేం అంటే ఎవరెవరు?" నేను చేశానంటే గొప్పలు పోయినట్టుంటుంది అన్నాను. మోసింది ముఠావాళ్లు, రంగు వేసింది ఇద్దరు కుర్రాళ్లు. ఆ మాటే అను అంది. "పద్ధతి ఆలోచించి పెట్టింది నువ్వు. రోజూ పాటించింది వాళ్లు. రెండూ చెప్పు. అప్పుడు గొప్పా కాదు, అబద్ధమూ కాదు. 'మేం' అంటే మాత్రం నీ వంతు ఎంతో నాకు తెలియదు, తెలియనిదానికి నేను జీతం ఎట్టా కట్టగలను?"

దీని గురించి రోజంతా ఆలోచించాను. మన ఇళ్లలో పెరిగినవాళ్లకి "నేను" అనడం నాలుక మీద ముల్లులా ఉంటుంది. ఎవరి వంతు వాళ్లకిచ్చి చెప్తే ఆ ముల్లు లేదు.

జూన్ 17

ఏడు నెలల ఖాళీ. దీన్ని ఎక్కడ పెట్టాలి, ఎంత చెప్పాలి.

పోయిన నవంబరులో స్టోరేజీ చేతులు మారింది. కొత్తవాళ్లు సొంత మనుషుల్ని తెచ్చుకున్నారు. అంతవరకు సరే. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం మాత్రం ఐదు నెలలు తిప్పారు. మొదటి మూడు వెర్షన్లలో ఇదంతా చెప్పాను, గొంతులో కోపంతో సహా. రికార్డింగ్ విన్నప్పుడు తెలిసింది, నా కథంతటిలో బాగా గుర్తుండేలా చెప్పిన భాగం అదే. వినేవాడు ఇంటికి తీసుకెళ్లేది నా కోపాన్నన్నమాట.

ఇప్పుడది ఒక్క వాక్యం. "పోయిన నవంబరులో స్టోరేజీ చేతులు మారింది, దాంతో నా ఉద్యోగం పోయింది." దాచలేదు, సాగదీయలేదు.

ఇంకో సంగతి. పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ సైట్‌లో యూఏఎన్ అనే నా పీఎఫ్ నంబరుతో లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ చూసుకున్నాను. నేను చేరింది 2014లో. పీఎఫ్ కట్టడం మొదలుపెట్టింది 2017లో. కాబట్టి అక్కడ 2017 అనే ఉంది. కంపెనీలు ఈ తేదీల్ని మన కాగితంతో పోల్చి చూస్తాయని, తేడా కనపడితే అబద్ధం రాశామనుకునే ప్రమాదముందని అక్క చెప్పింది. కాగితం మీద నిజమైన తేదీ 2014 ఉంచాను. సర్టిఫికెట్, 2015 నుంచి జీతం పడ్డ బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు ఒక ఫైల్లో పెట్టుకున్నాను. వాళ్లు అడగకముందే నేనే చెప్తాను. ఉద్యోగం వెతుకుతున్న ప్రతి ఒక్కరూ ముందు ఆ పేజీ తెరిచి చూసుకోవడం మంచిది.

జూన్ 20

కాగితం పని. ఒక్క పేజీ. నాన్న పేరు, పుట్టిన తేదీ, మతం, "పైన తెలిపినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్నీ తీసేశాను. పేరు కింద మొదటి గీతలోనే: కోల్డ్ స్టోరేజీ స్టాకు సూపర్‌వైజర్, మిర్చి, 10 ఏళ్లు. దాని కింద 47, 18 అంకెల వాక్యం.

లింక్డ్‌ఇన్‌లో హెడ్‌లైన్‌కి 220 అక్షరాలే ఇస్తుంది. ఆ హద్దు నాకు మేలు చేసింది. ఏ మాట ముఖ్యమో తేల్చుకోక తప్పలేదు.

జూన్ 23

ఇంగ్లీషు వెర్షన్. తెలుగులో రాసుకున్నదాన్ని మాటకి మాట మారిస్తే నోరు తిరగలేదు. పక్కన పెట్టి, చిన్న చిన్న వాక్యాలతో కొత్తగా రాసుకున్నాను. ఒక్కో వాక్యంలో ఒక్క క్రియ. రైస్ మిల్లులో చేసే మా బావమరిది వాళ్ల అబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడు, వాడికి వినిపించాను. "మామయ్యా, లాట్ అంటే ఏంటి?" అని అడిగాడు. మంచి ప్రశ్న. హెచ్‌ఆర్ వాళ్లకీ తెలియకపోవచ్చు. ఆ మాట మొదటిసారి వచ్చినచోట "ఒక రైతు సరుకు" అని చేర్చాను.

జూన్ 26

ఒక జాబ్ మేళాకి వెళ్లాను, ఉద్యోగం కోసం కంటే అలవాటు కోసం. నాలుగు టేబుళ్ల దగ్గర చెప్పాను. రెండుచోట్ల పూర్తిగా విన్నారు. ఒకచోట నిలబెట్టే "ముప్ఫై సెకన్లలో చెప్పండి" అన్నారు. నా దగ్గర అంత చిన్నది లేదు. తడుముకున్నాను.

రాత్రి ముప్ఫై సెకన్లది కూడా తయారుచేశాను. మొదటి రెండు వాక్యాలు, అంకెల వాక్యం, అంతే.

జూన్ 29

ఎనిమిదో వెర్షన్. నిమిషం పది సెకన్లు. ఎల్లుండి వంకాయలపాడు స్పైసెస్ పార్కులో ఒక కంపెనీలో ఇంటర్వ్యూ. వాళ్ల ప్రకటనలో ఉన్న మాటని చివర్లో చేర్చాను. మొత్తం ఇక్కడ పెడుతున్నాను:

"నమస్కారమండీ. నేను గుంటూరులో పదేళ్లు కోల్డ్ స్టోరేజీలో మిర్చి స్టాకు చూశాను, చివరి ఐదేళ్లు సూపర్‌వైజర్‌గా. నాలుగు చాంబర్లు, లక్షా ఇరవై వేల టిక్కీలు.

రైతు బాండు తెచ్చాక అతని లాటు వెతికి గేటు దాటించడానికి 2018లో సగటున 47 నిమిషాలు పట్టేది. సూపర్‌వైజర్ అయ్యాక, ప్రతి టిక్కీ మీదా చాంబరు, అంతస్తు, వరస తెలిసేలా గుర్తులు వేసే పద్ధతి పెట్టాను, రిజిస్టర్‌ని ఎక్సెల్‌లోకి మార్చాను. ముఠావాళ్లు దాన్ని రోజూ పాటించారు. 2021కి ఆ పని 18 నిమిషాలకు దిగింది.

అంతకుముందు రెండేళ్లు యార్డులో కమీషన్ కొట్టులో గుమస్తాగా చేశాను. తేజ, 334, బాడిగ రకాలు, తాలు చూసి పోల్చుకోవడం అక్కడే నేర్చుకున్నాను.

పోయిన నవంబరులో స్టోరేజీ చేతులు మారింది, దాంతో నా ఉద్యోగం పోయింది. ఎగుమతి సరుకు లాట్లు కలిసిపోకుండా చూసే మనిషి కావాలని మీ ప్రకటనలో రాశారు. పదేళ్లు నేను చేసింది ఆ పనే."

మొదటి రికార్డింగ్‌లో చివరిదాకా రాని మాట ఇందులో మొదటి వాక్యంలో ఉంది.

జూలై 1

పొద్దున్నే చిలకలూరిపేట బస్సెక్కి యడ్లపాడు దగ్గర దిగాను. ఇంటర్వ్యూలో ఇద్దరున్నారు, ప్లాంటు మేనేజరు, హెచ్‌ఆర్ మేడమ్. నేను చెప్పడం అయ్యాక మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నలభై ఏడు అన్నారు. ఎట్టా లెక్కేశారు?"

డైరీలు బ్యాగులోనే ఉన్నాయి. 2018ది తీసి సెప్టెంబరు పేజీ చూపించాను. ఆయన పేజీలు తిప్పుతుంటే ఘాటుకి ఆయనా తుమ్మాడు. "ఇది ఒరిజినలే" అని నవ్వాడు. "3.00, 4.50" మీద వేలు పెట్టి ఇదేంటని అడిగాడు. పొన్నూరు పెద్దాయన సంగతి చెప్పాను. ఆ తర్వాత లాక్‌డౌన్‌లో ఏం చేశారని ఆయనే అడిగాడు. "అడిగితే" కాగితంలో పెట్టుకున్న నాలుగింటిలో మూడు ఆయన నోటి నుంచే వచ్చాయి. నేను నిమిషం పది సెకన్లు మాట్లాడితే ఆయన నలభై నిమిషాలు అడిగాడు.

పీఎఫ్ తేదీ సంగతి నేనే ఎత్తాను. మేడమ్ పాస్‌బుక్ జిరాక్సు తీసుకుని, సరే అని రాసుకున్నారు.

ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "సీజన్ చివర లెక్క చూస్తే టిక్కీల్లో తేడా ఎంత వచ్చేది?" పెద్దగా ఉండేది కాదండీ అన్నాను. అనగానే నాకు తెలిసింది, ఇది జూన్ 9 నాడు రాసిన "సగానికి పైగా" లాంటి మాటే. ఆయన ఏమీ అనలేదు. కానీ అప్పటిదాకా రాసుకుంటున్న పెన్ను ఆగింది.

రెండో రౌండుకి వచ్చే సోమవారం రమ్మన్నారు.

జూలై 2

బాబాయ్‌కి ఫోన్ చేశాను. ప్రతి ఏడాదీ డిసెంబరులో చాంబర్లు ఖాళీ అయ్యాక చివరి లెక్క మేమిద్దరమే పెట్టేవాళ్లం. 2022లో నాలుగు టిక్కీలు తేడా వచ్చి, రెండు రోజులు వెతికితే మూడు దొరికాయని ఆయనకి గుర్తుంది. మిగతా ఏళ్లవి నా డైరీల్లో డిసెంబరు పేజీల్లో ఉండాలి. 2019, 2021 దొరికాయి, ఇంకా మూడున్నాయి. తొమ్మిదో వెర్షన్‌లో లక్షా ఇరవై వేల టిక్కీలు అన్నదాని పక్కన ఆ అంకె చేరుతుంది. దానికోసం కొట్టు దగ్గర నేర్చుకున్న రకాల వాక్యం "అడిగితే" కాగితానికి పోతుంది.

రేకు పెట్టె మళ్లీ దించాను. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని 2023 డైరీ వెతుకుతోంది.